రోగం పోతోందన్నారు

సూది దింపింది ఆమె చెయ్యే. నిజం. ఆ చేతిని ఇక్కడెవరూ వెనకేసుకు రావడం లేదు. కానీ ఆ సూది ఎంత లోతు దిగాలో ఆ చేతికి తప్పు నేర్పింది మీరు. మనిషి ఊపిరి అందక కొట్టుకుంటుంటే "మంచిదే, పడుకోబెట్టండి" అనే మాటను ఆ నోట్లో పెట్టింది మీరు. మెత్తటి గొంతేసుకుని, చేతులు కట్టుకుని, "మొత్తం మనిషిని చూడండి, ముక్కల్ని కాదు" అని పాఠం చెప్పారే, ఆ మొత్తం మనిషిలో ఊపిరితిత్తులు లేవా? ఎక్కడ దాచారు వాటిని? సంపూర్ణ వైద్యం అని గుమ్మం మీద అంతేసి అక్షరాలు రాయించుకున్న పెద్దమనుషుల్లారా, మిమ్మల్నే. మొహం అటు తిప్పుకోకండి. కూర్చుని వినండి.

వీధిలో ఆమెను అందరూ టకటకమ్మ అంటారు. వెన్నెముక వైద్యం ఆమె వృత్తి. పట్టేసిన నడుములూ బిగుసుకుపోయిన మెడలూ ఆమె బల్ల మీదికొస్తాయి. అరచెయ్యి ఆనించి, ఊపిరి వదలమని చెప్పి, ఒక్క అదుము అదిమిందంటే లోపల కీలు టక్కుమంటుంది. ఆ పేరు అలా వచ్చింది. ఆమెకు కోపమేమీ లేదు. పేరు పెట్టారంటే గుర్తుపెట్టుకున్నట్టేగా అనేది.

ఆ విద్య ఊరికే రాలేదు. వెన్నెముక కాలేజీలో మొదట్లో వాళ్లను మనిషినే ముట్టుకోనివ్వలేదు. ఒక తలవెంట్రుక తీసి కాగితం కింద పెట్టేవాళ్లు. కళ్లు మూసుకుని వేలి కొసతో అదెక్కడుందో చెప్పాలి. చెప్పగలిగితే పైన ఇంకో కాగితం. దాని పైన ఇంకోటి. వేళ్లకు కళ్లు మొలిచేదాకా అదే పని. ఇంటికొస్తే దుప్పటి మీద కూడా ఆమె వేళ్లు వెంట్రుకల కోసం వెతికేవి. "దీనికి పేలు చూడ్డం నేర్పుతున్నారా ఏంటి కాలేజీలో?" అని అక్క నవ్వేది.

అక్కడే శరీరశాస్త్రం చెప్పే ఓ మేడం ఉండేది. మహా చిరాకు మనిషి. ఒకరోజు ఈమెనే లేపి నిలబెట్టింది.

"ఊపిరితిత్తి ఎక్కడ మొదలవుతుందే?"

"ఛాతీలో మేడం."

"నీ మొహంలే. దాని కొస మెడ కింది కాలర్ ఎముకను దాటి మెడ మొదట్లోకి వస్తుంది. భుజం మీద చెయ్యేసినప్పుడల్లా ఆ కింద ఊపిరుందని గుర్తుపెట్టుకో. కూర్చో."

ఆమె గుర్తుపెట్టుకుంది. పరీక్షలో బొమ్మ గీసి మరీ రాసింది. ఈ సంగతి మర్చిపోకండి. ఆమెకు తెలుసు. తెలిసిన మనిషి చేతే మీరు ఈ పని చేయించారు.

ప్రాక్టీసు పెట్టుకున్న కొన్నాళ్లకు ఆమెకు తన చేతులు చాలడం లేదనిపించింది. ఇవాళ వదిలిన మెడ మళ్లీ వారానికి బిగుసుకుని వచ్చేది. మనిషిని లోపల్నుంచి బాగు చెయ్యాలంటే ఇంకేదో కావాలి. అప్పుడెవరో మీ సంపూర్ణ వైద్యం సంస్థ గురించి చెప్పారు. ఆక్యుపంక్చర్ నేర్పుతారట, తిండీ నిద్రా మనసూ అన్నీ కలిపి చూస్తారట. పోయి చేరింది.

అక్కడి గురువుగారు మంచి మాటకారి. నెమ్మదిగా మాట్లాడతాడు, ఎదుటివాడు కూడా గొంతు తగ్గించేలా. ఆయన చెబుతుంటే ఆమెకు కడుపు నిండినట్టుండేది. అబద్ధమెందుకు, ఆయన నేర్పిన వాటిలో కొన్ని పనిచేశాయి కూడా. తలనొప్పులతో వచ్చినవాళ్లు తేలికపడి వెళ్లేవాళ్లు. నిద్ర పట్టనివాళ్లు బల్ల మీదే గుర్రుపెట్టేవాళ్లు. అందుకే ఆమె ఆయన్ను నమ్మింది. ఏ మంచీ లేనివాణ్ణి ఎవరు నమ్ముతారు?

సూదులు గుచ్చడం మొదట దూది కుక్కిన దిండు మీద నేర్పారు. తర్వాత పరుపు మామ మీద. పరుపు మామ ఆ సంస్థకు కాపలాదారు. మనిషి గుమ్మం నిండా ఉంటాడు. భుజాల మీద చెయ్యేస్తే వేళ్లు దిగబడతాయి. చొక్కా విప్పి బోర్లా పడుకునేవాడు, రెండు నిమిషాల్లో నిద్రపోయేవాడు. ఒకరి తర్వాత ఒకరు వచ్చి గుచ్చుతుంటే నిద్రలోనే "కానివ్వండమ్మా, కానివ్వండి" అనేవాడు. విద్యార్థులు ఒకరినొకరు గుచ్చుకోవడానికి భయపడేవాళ్లు కాబట్టి ఎప్పుడూ ఆయనే. ఆయన లేనిరోజు సూదుల పాఠమే లేదు.

"భుజం మీద ఈ గుంట ఉంది చూశారూ, నిలువుగా దింపండి, భయపడకండి" అనేవాడు గురువుగారు. "ఈయన ఒంట్లో ఎంత దింపినా ఎక్కడికీ పోదు."

అందరూ నవ్వేవాళ్లు. ఆమె కూడా నవ్వింది. వెంట్రుకను కాగితాల కింద కనిపెట్టిన వేళ్లు ఆ మెత్తటి కండలో ఒక లోతు నేర్చుకున్నాయి. ఆ లోతే భుజం లోతనుకున్నాయి.

ఇక నల్లబల్ల. దాని పైభాగాన, సుద్దతో కాదు, తెల్ల పెయింటుతో రాయించారు: నొప్పి పెరిగిందంటే రోగం పోతోందని గుర్తు. కింద రోజూ పాఠాలు రాసేవాళ్లు, తుడిచేవాళ్లు. పైన అది మాత్రం అలాగే ఉండేది. పాఠం బుర్రకెక్కని రోజు కూడా ఆ వాక్యం కళ్లలోంచి ఎక్కేది.

ఆమె తన గదిలో సూదులు మొదలుపెట్టాక ఎవరైనా వచ్చి "నిన్నట్నుంచి ఎక్కువైందమ్మా" అంటే ఆ మాటే చెప్పేది. మర్నాటికి మామూలుగానే తగ్గిపోయేది. తగ్గినప్పుడల్లా ఆ మాట మరికాస్త నిజమయ్యేది. ఇలా ఒక అబద్ధం రోజూ కాస్త కాస్త తిని బలిసింది.

అప్పుడొచ్చాడు బావ.

అక్క మొగుడు బస్సు డ్రైవరు. డిపోలో ఆయన్ని గెడ అంటారు. అంత పొడుగు, అంత సన్నం. చొక్కా విప్పితే పక్కటెముకలు దూరం నుంచే కనిపిస్తాయి. స్టీరింగు తిప్పి తిప్పి కుడి భుజం పట్టేసింది. పొద్దుటి డ్యూటీ దిగి నేరుగా ఆమె గదికి వచ్చాడు.

"ఏంటి మరదలా, కొత్తగా సూదులు కూడా పెట్టావంట? టకటకలు చాల్లేదా?"

"బోర్లా పడుకో బావా. మాటలు తక్కువ."

"పడుకుంటాలే. మీ అక్క మాటలతో గుచ్చుతుంది, నువ్వు సూదులతో. మీ నాన్న మీ ఇద్దరికీ ఇదే నేర్పాడా?"

"కదిలావంటే వంకరగా దిగుతుంది."

"అమ్మో. బస్సులో నేను చెప్పే మాట నాకే చెబుతున్నావా? కదలకుండా కూర్చోండి, కదలకుండా కూర్చోండి..."

ఆయన నవ్వుతుంటే భుజం ఎముక కూడా నవ్వినట్టు కదిలింది. ఆమె వేలు ఆ గుంటను వెతికింది. దొరికింది. నిలువుగా దింపింది, పరుపు మామకు దింపినంత. ఆయన చిన్నగా దగ్గాడు.

"ఏమైంది?"

"ఏం లేదు. లోపలెక్కడో చురుక్కుమంది."

"చురుక్కుమంటే మంచిదే. సరిగ్గా తగిలినట్టు."

సూది తీశాక బావ భుజం తిప్పి చూసుకుని "ఫర్లేదు, తేలిగ్గానే ఉంది" అని చొక్కా వేసుకున్నాడు. గుమ్మం దగ్గర ఇంకోసారి దగ్గాడు. చెయ్యి ఊపి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది.

"చిన్నీ, మీ బావకి ఊపిరి పీలుస్తుంటే రొమ్ము పక్కన పొడుస్తోందంటున్నారే."

"ఏ పక్క?"

"కుడి పక్క. నువ్వు పొడిచిన పక్కే."

"పొడవడం కాదక్కా, పెట్టడం."

"ఏదోలేవే. ఏం చెయ్యమంటావ్?"

"మంచిదే అక్కా. నొప్పి పెరిగిందంటే రోగం పోతోందని గుర్తు. వేన్నీళ్లు తాగించి పడుకోబెట్టు."

"అంతేనా?"

"అంతే. నన్ను నమ్ము."

అక్క నమ్మింది. చెల్లెలు కదా.

కాసేపటికి మళ్లీ ఫోను. అప్పుడు బల్ల మీద ఎవరిదో నడుం ఉంది. టకటకమ్మ ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని మాట్లాడింది. పడుకోలేకపోతున్నారు, కూర్చుంటేనే కాస్త నయం, మాట మధ్యలో ఆగిపోతున్నారు అని అక్క చెబుతోంది.

"బాగా పనిచేసినట్టుందక్కా. ఎన్నాళ్లనుంచో ఉన్న రోగం కదా, ఊరికే పోతుందా? రేప్పొద్దుటికి తేలికవుతుంది."

ఆ మాట అంటున్నప్పుడు ఆమెకు లోపల్లోపల సంతోషమే వేసింది. తన చేతికి ఇంత గుణముందా అనుకుంది. ఎవరి మీదైనా చెయ్యి చేసుకోవాలనిపించే చోటు ఈ కథలో ఇదొక్కటే. మనిషి చస్తుంటే వైద్యురాలికి సంతోషం కలిగేలా నేర్పిన చదువు మీది.

మూడోసారి ఫోను మోగినప్పుడు అక్క కాదు, బావే.

"మరదలా... రోగం... పోతోందా... లేక..."

ఆగిపోయాడు.

ఆమె ఎదురుచూసింది. బావ జోకు సగంలో వదిలే మనిషి కాదు. బస్సు సిగ్నల్లో ఆగినా, వెనకాల హారన్లు మోగినా, మొదలుపెట్టింది పూర్తి చేసేదాకా కదిలేవాడు కాదు. ఫోనులో మాట లేదు. కుక్క రొప్పినట్టు చిన్నచిన్న ఊపిర్లు మాత్రం వినిపిస్తున్నాయి.

 బల్ల మీది మనిషిని అలాగే వదిలేసి పరిగెత్తింది. వీధిలో జనం "టకటకమ్మకేమైందిరా" అని ఆగి చూశారు. దారంతా ఆమె నోరు దానంతటదే ఏదో గొణుగుతూనే ఉంది. అక్క ఇంటి మెట్ల దగ్గర గాని అదేమిటో ఆమెకు తెలియలేదు. రోగం పోతోందని గుర్తు, రోగం పోతోందని గుర్తు.

బావ మంచం అంచున కూర్చుని, చేతులు మోకాళ్ల మీద ఊని ముందుకు వంగి ఉన్నాడు. పెదవులు నీలంగా ఉన్నాయి. మెడ మీద నరాలు తాళ్లలా ఉబ్బాయి. ఊపిరి తీస్తుంటే ఎడమ పక్క పైకి లేస్తోంది. కుడి పక్క లేవడం లేదు. ఆ పక్కటెముకలు అసలు కదలడం లేదు.

అప్పుడు, అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు చిరాకు మేడం. భుజం మీద చెయ్యేసినప్పుడల్లా ఆ కింద ఊపిరుంది. పరీక్షలో తాను గీసిన బొమ్మ కళ్లముందు నిలిచింది. కాలర్ ఎముక పైన ఆ కొస. దాని మీద గురి చూసినట్టు సూది.

"అంబులెన్సుకు చెయ్యి అక్కా."

"పడుకోబెట్టమన్నావుగా?"

"చెయ్యవే!"

ఆసుపత్రిలో అత్యవసర గది డాక్టరు ఆమెకంటే చిన్నది. బావ ఛాతీ మీద వేళ్లతో కొట్టి చూసింది. కుడి పక్క, లోపల గాలి నిండి, డోలులా మోగింది. ఎక్సరే కోసం కూడా ఆగలేదు. లావుపాటి సూది తీసి పక్కటెముకల మధ్య గుచ్చింది. సైకిలు ట్యూబులోంచి గాలి పోయినట్టు బుస్సుమంది. ఆ చప్పుడు గదిలో అందరూ విన్నారు. బావ నోరు తెరిచి ఒక పెద్ద ఊపిరి పీల్చాడు. నీళ్లలోంచి తల బయటపెట్టినవాడిలా పీల్చాడు.  

తర్వాత పక్కటెముకల మధ్యలోంచి గొట్టం వేశారు. ఎక్సరే తీసి వెలుగుపెట్టె మీద పెట్టారు. ఎడమ పక్క ఊపిరితిత్తి ఉంది. కుడి పక్క నల్లగా ఖాళీ. ఆ ఖాళీ మధ్యన పిడికిలంత ముద్ద. అదే ఊపిరితిత్తట.

"సూది ఎవరు పెట్టారు?" అంది డాక్టరు.

"నేను."

డాక్టరు ఆమెను తిట్టలేదు. తిడితే బాగుండేది. ఓ క్షణం మొహంలోకి చూసి అడిగింది.

"నొప్పి పెరిగిందంటే రోగం పోతోందని గుర్తు అన్నారా? పడుకోబెట్టమన్నారా?"

 ఆ వాక్యం ఈ డాక్టరుకెలా తెలుసు? ఆ గదిలో ఎప్పుడూ కూర్చోని మనిషికి, ఆ నల్లబల్ల చూడని మనిషికి, అక్షరం పొల్లుపోకుండా ఎలా తెలుసు?

"ఆ మాట మీ సంస్థదే. అక్కడివాళ్లు పెట్టిన సూదులతో రోగులు ఇంతకుముందు కూడా వచ్చారండీ" అంది డాక్టరు. "ప్రతివాళ్లూ ఆలస్యంగానే వచ్చారు. ఎందుకింత ఆలస్యం అంటే ప్రతివాళ్లూ ఇదే మాట చెప్పారు. సూది తగలడం పొరపాటు. వెంటనే వస్తే సరిచెయ్యొచ్చు. రానివ్వనిది ఆ మాట. మీ పెద్దాయనకు ఫోన్ చేసి చెప్పాను కూడా."

"ఏమన్నారు?"

"రోగి తత్వం అలాంటిదన్నారు."

 అంటే గురువుగారికి తెలుసు. తెలిసి కూడా నల్లబల్ల మీద ఆ వాక్యాన్ని అలాగే ఉంచాడు. బావ వచ్చేనాటికి కూడా ఆయనకు తెలుసు.

అక్క వరండాలో బెంచీ మీద కూర్చుని ఉంది. టకటకమ్మ పక్కన కూర్చోబోతే జరిగింది.

"అడిగాను కదే నిన్ను. మళ్లీ మళ్లీ అడిగాను. పక్కింటావిడ ఆసుపత్రికి తీసుకెళ్లమంది. మా చెల్లెలు డాక్టరు, దానికి తెలుసు అన్నాను. నేనే ఆపేశాను ఆయన్ని. విన్నావా? నా చేతుల్తో పడుకోబెట్టాను."

"అక్కా..."

"పో చిన్నీ. ఇప్పుడు కాదు."

మర్నాడు బావను చూడనిచ్చారు. పక్కలోంచి గొట్టం వచ్చి కింద సీసాలో మునిగి ఉంది. ఆయన ఊపిరి తీసినప్పుడల్లా సీసాలో బుడగలు. ఆమె తల దించుకుని నిలబడింది.  ఆయనే కళ్లతో పిలిచాడు.

"సగంలో... ఆగింది కదా నిన్న... లేక నేనే పోతున్నానా... అని." కాస్త ఊపిరి తీసుకున్నాడు. "ఇప్పుడు నవ్వు."

ఆమె నవ్వలేదు. ఏడవనూ లేదు. "బావా, నేను వాళ్ల దగ్గరికెళ్తాను" అంది.

"వెళ్లి?"

"ఆ మాట చెరిపిస్తాను."

ఆమె వెళ్లేసరికి పాఠం నడుస్తోంది. కొత్త జట్టు. కుర్చీల్లో ఆడా మగా కలిసి ఓ పాతికమంది ఉంటారు. మధ్యలో బల్ల. బల్ల మీద బోర్లా పరుపు మామ, గుర్రుపెట్టి. భుజాల మీద సూదులు. అవన్నీ నిలువుగా, హాయిగా, ఎక్కడికీ పోకుండా నిలబడి ఉన్నాయి. ఆమె వేళ్లు ఆ లోతును గుర్తుపట్టాయి. ఇక్కడే. ఈ కండలో నేర్చిన లోతే బావ ఊపిరి తీయబోయింది. 

"రామ్మా, రా" అన్నాడు గురువుగారు. "చూడండి, మన పాత విద్యార్థిని. ఇప్పుడు సొంత ప్రాక్టీసు."

"మా బావ ఆసుపత్రిలో ఉన్నాడు గురువుగారూ. ఊపిరితిత్తికి నా సూది తగిలింది. ఇక్కడ నేర్పినంత లోతు దింపాను. నొప్పంటే, ఇక్కడ నేర్పిన మాట చెప్పాను."



"అయ్యో. బాధపడకమ్మా. ప్రతి ఒంటి తత్వం..."

"ఆయన ఒంటి తత్వం సన్నం. అంతే. ఇక్కడ ఒక్క సన్నటి మనిషిని పడుకోబెట్టి నేర్పారా ఎప్పుడైనా? కండను వేళ్లతో పైకెత్తి పట్టుకోమన్నారా? సూది పక్కకు వాల్చమన్నారా? కింద ఊపిరుందని చెప్పారా? ఆసుపత్రి నుంచి ఫోనొస్తే మీరేం చేశారు?"

"కోపంలో ఉన్నావు. నీళ్లు తాగు."

ఆమె డస్టరు తీసుకుని నల్లబల్ల దగ్గరికి నడిచింది. పై వాక్యం మీద బలంగా రుద్దింది. పోలేదు. అది పెయింటని మర్చిపోయింది. మళ్లీ రుద్దింది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. చేతిలో తన గది తాళంచెవి ఉంది. దాంతో గీకడం మొదలుపెట్టింది. ఆ చప్పుడుకు పరుపు మామ లేచి కూర్చున్నాడు, భుజాల మీద సూదులతోనే.

"ఏంటమ్మా, ఏమైంది?"

 ముందు వరసలో ఒకమ్మాయి లేచి నిలబడింది.

"మేడం, పొద్దున బయట ఉచిత శిబిరం పెట్టాం. నేనొక ముసలావిడకి పెట్టాను. భుజానికి. చాలా... చాలా సన్నగా ఉంది ఆవిడ."

"తర్వాత?"

"ఇందాక వాళ్లమ్మాయి ఫోన్ చేసింది. ఆయాసంగా ఉందని."  ఆ పిల్ల చూపు నల్లబల్ల పైకి, సగం గీకిన వాక్యం మీదికి పోయింది. "నేను... అదే చెప్పాను."

టకటకమ్మ చెయ్యి ఆగింది. గురువుగారు "కంగారేమీ లేదు, అది సహజంగా..." అంటున్నాడు.

"మీరు నోరు ముయ్యండి!" అంది ఆమె. ఆ గదిలో ఆయన్ను అంత మాట అన్నవాళ్లు లేరు. తర్వాత అందరివైపూ తిరిగింది.

"పాఠం అయిపోయింది. లేవండి. ఫోన్లు తియ్యండి. పొద్దున ఎవరెవరి భుజాల మీద, వీపు మీద, ఛాతీ మీద సూదులు పెట్టారో ఒక్కొక్కరికీ ఇప్పుడే చెయ్యండి. ఊపిరెలా ఉందని అడగండి. ఆయాసమన్నా, పొడుస్తోందన్నా, దగ్గొస్తోందన్నా, ఆసుపత్రికి పొమ్మనండి. ఈ క్షణమే పొమ్మనండి. సూది పెట్టించుకున్నామని అక్కడ చెప్పమనండి. మంచిదే అన్నారో, మిమ్మల్ని నేను వదలను. గురువుగారూ, మీరు ఈ తాళంచెవి పట్టుకోండి. మిగిలిన సగం మీరు గీకాలి. నేను కాదు, మీ చేత్తో మీరు గీకాలి. అది పోయేదాకా ఈ గదిలో ఎవరూ ఎవరికీ సూది పట్టుకోకూడదు."

ముందు వరస పిల్ల అప్పటికే ఫోను చెవి దగ్గర పెట్టుకుంది. 

"ఎత్తడం లేదు మేడం."

"అంబులెన్సుకు చెప్పు, వాళ్లింటికి పంపించు. ఆ తర్వాత మళ్లీ చెయ్యి. ఎత్తేదాకా చెయ్యి."